నీళ్ల సారు, ఎర్ర అంకె

పొద్దున పదింటికి శైలజ ఫోన్ చేసింది.

"అన్నా, నీళ్ల సారు పోయినాడు. తెల్లారి కాఫీ ఇచ్చేకి లేపితే లేయలేదంట. ఇంటి కాడనే పెట్టినారు. మూడింటికి తీసకపోతారు."

వస్తానన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయి, "సరేన్నా" అని పెట్టేసింది. నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో కంప్యూటర్ ముందు కూచునే అమ్మాయి శైలజ. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నేనింకా అమ్మాయి అనే అంటాను.

ఫోన్ పక్కన పెట్టి తెర వైపు చూశాను. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టించే ఒకాయన కోసం చాలా ఏళ్ల కిందట ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. అది ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. ఆయన కొడుకు చదువు ముగించి వచ్చి, "పని సరేన్నా, చూసేకి మా తాత కాలం నాటిది మాదిరి ఉండాది, కొత్తగా కనపడల్ల" అన్నాడు. కొత్తగా కనపడేలా చేయాలని రెండు రోజులుగా స్కిన్ లైబ్రరీలు వెతుకుతున్నాను. తెర మీద నాలుగు పేజీలు తెరిచి ఉన్నాయి. నాలుగింట్లోనూ ముదురు రంగు కిటికీలు, గుండ్రటి అంచుల బటన్లు. ఏది చూసినా ఇంతకుముందు చూసినట్టే ఉంది. నలభై ఐదేళ్లు వచ్చాక ఏ బటన్ ఏ రంగులో ఉంటే బాగుంటుందో ఆలోచిస్తూ కూచోవడానికి ఒంట్లో ఓపిక ఉండదు. అయినా ఈ ఊళ్లో నాకు దొరికే పని ఎక్కువగా ఇదే.

ఈ పని గురించి రెండు ముక్కలు చెప్తేగానీ నీళ్ల సారు గురించి చెప్పేది అర్థం కాదు. కంప్యూటర్లో నడిచే ఏ ప్రోగ్రాముకైనా లోపల జరిగే పని ఒకటి, పైన కనపడేది ఒకటి. లోపలి పనిని ముట్టుకోకుండా పైరూపాన్ని మార్చడానికి ఎవరో రాసిపెట్టిన కోడు దొరుకుతుంది. కొన్ని ఊరికే ఇస్తారు, కొన్ని కొనుక్కోవాలి. తెచ్చి మన ప్రోగ్రాముకు తగిలిస్తే బటన్లు, పెట్టెలు, పట్టికలు అన్నీ కొత్త రంగు తొడుక్కుంటాయి. మేం ఆ కోడును లైబ్రరీ అని, అది తొడిగే రూపాన్ని స్కిన్ అని అంటాం. నీళ్ల సారు చొక్కా అనేవాడు. "లోపల ఉండే మనిషి వాడే గదప్పా, ఎన్ని చొక్కాలు మార్చినా" అనేవాడు. ఏ చొక్కా తేవాలో ఎంచుకునేటప్పుడు నేనొకసారి తప్పు చేశాను. ఆ తప్పు చేసి ఉండకపోతే ఆయన నాకు, వారానికోసారి కనపడి టీ తాగుతావా అని అడిగే ఒక ముసలాయనగానే మిగిలిపోయేవాడు.

ఆ ల్యాబు అనంతపురంలో ఒక ట్రస్టు వాళ్లది. రైతులు తమ బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొస్తారు. కూల్‌డ్రింకు సీసాలు, మందు సీసాలు, నూనె క్యాన్లు. ఒకసారి ఒకాయన కిరసనాయిలు డబ్బాలో తెచ్చాడు. సారు మూత తీసి వాసన చూశాడు. లోపలికి పోయి శుభ్రమైన సీసా ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"మళ్ల పోయి తీసకరాప్పా. మూడు తూర్లు ఆ నీళ్లతోనే తొలుచు. నాలుగో తూరి పట్టు."

"యాభై కిలోమీటర్ల నుంచి వచ్చినా సార్."

"అంత దూరం నుంచి వచ్చినావు గదా, నీ డబ్బాను పరీక్ష చేసి పంపిస్తే ఏం న్యాయం?"

ఆయన తిట్టుకుంటూ పోయాడు. రెండు రోజుల తర్వాత సీసా పట్టుకుని మళ్లీ వచ్చాడు. సారు ఆయన్ను కూచోబెట్టి, బస్సు దొరికిందా, అన్నం తిన్నావా అని అడిగి, ఆ తర్వాతే సీసా అందుకున్నాడు.

ఎవరొచ్చినా ఆయన అడిగే ప్రశ్నలు అవే. ఏ ఊరు? ఎన్ని అడుగులు? ఎన్ని ఇంచుల నీళ్లు పడినాయి? ఇది ఎన్నో బోరు? నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు చాలామంది కిందికి చూసేవాళ్లు. ఐదోది, ఏడోది. ఒకాయన పదకొండోదని చెప్పి నవ్వాడు. అడుగుల లెక్క, ఇంచుల లెక్క సీసా మీది చీటీలో రాసేవాడు. ఎన్నో బోరో మాత్రం రాసేవాడు కాదు. మరి ఎందుకు అడుగుతారు సార్ అంటే, "రిపోర్టు ఇచ్చేటప్పుడు ఎట్ల చెప్పల్లో తెలియల్ల గదప్పా" అన్నాడు.

ఆయన మెడ తిరగదు, వంగదు. వీపు కూడా కొంతవరకు అంతే. పుట్టిన ఊరి నీళ్లు చేసిన పని అది. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పాలి, కూచుని ఉంటే కుర్చీతో సహా తిరగాలి. ఇనప కుర్చీ, బండల నేల. కాళ్లు గీసుకునే ఆ చప్పుడు వినపడితే సారు ఎవరినో చూడబోతున్నాడని ల్యాబంతా తెలిసిపోయేది. కంప్యూటర్ తెరను నాలుగు పాత రిజిస్టర్ల మీద ఎత్తుగా పెట్టుకున్నాడు. పేపరు చదవాలంటే రెండు చేతులూ పైకెత్తి పట్టుకునేవాడు, దూరం నుంచి చూస్తే ఎవరికో చూపిస్తున్నట్టు ఉండేది. పళ్ల మీద పసుపు, గోధుమ చారలు. నవ్వు వస్తే ఎడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఈ సంగతులేవీ ఆయన నోటితో చెప్పగా నేను వినలేదు. అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

మంచి రిపోర్టయితే బల్ల మీద నుంచే అందించేవాడు. చెడ్డదయితే లేచేవాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఎదుటి మనిషి పక్కన నిలబడి, రెండు చేతులతో ఇచ్చేవాడు. "పంటకు పెట్టుకోప్పా. తాగేకి మాత్రం వద్దు. పిల్లోళ్లకు అసలు వద్దు" అని చెప్పి, ఆ మనిషి లేచేదాకా పక్కనే ఉండేవాడు.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే అవి తాగడానికి పనికిరావు. నేను ఆ ల్యాబుకు మొదట ప్రోగ్రాం రాసినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే.

"ఇంగ నీ ఇష్టం వచ్చినట్ల చేసుకోప్పా. ఆ అంకె దాటితే మాత్రం ఎర్రగా కనపడల్ల."

"ఎందుకు సార్, అంకె ఉంటుంది కదా?"

ఆయన కిటికీలో ఉన్న సీసా తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. "చూడు ఎంత తేటగా ఉండాయో. వాసన లేదు, రుచి మారదు. ఇవి నాలుగున్నర ఉండాయి. కంటికి తెలిసే నీళ్లయితే నేనెందుకు, నీ కంప్యూటర్ ఎందుకు?"

ఎర్రగా కనపడేలా రాశాను. చాలా ఏళ్లు అలాగే నడిచింది.

ఆ తర్వాత ట్రస్టుకు కొత్త డైరెక్టరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. ల్యాబుకు కొత్త పరికరాలు తెప్పించాడు, గోడలకు సున్నం వేయించాడు. ఒకరోజు నన్ను పిలిపించి కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు.

"బెంగుళూరు నుంచి పెద్దోళ్లు చూసేకి వస్తాండారు. ఆ బూడిద రంగు చూస్తే మనల్ని ఏమనుకుంటారప్పా? పది దినాల్లో మార్చెయ్."

మూడు లైబ్రరీలు ఎంచుకున్నాను. మొదటిది ఊరికే దొరికేది. కిటికీ అంచులు, బటన్లు మాత్రం మారుస్తుంది, పట్టికల జోలికి పోదు. దాన్ని తగిలించి చూపిస్తే డైరెక్టరు, "ఇదీ పాతదే గదప్పా, మొకం కడుక్కున్నట్ల ఉండాది, అంతే" అన్నాడు. సారు, "ఇది చాలు" అన్నాడు. ఆయన మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

రెండోది చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. డైరెక్టరుకు నచ్చింది. సారు కుర్చీ జరుపుకుని తెర ముందు చాలాసేపు కూచున్నాడు.

"ఏమప్పా, ఫ్లోరైడ్‌కు లావత్తు యాడ పోయింది?"

దగ్గరికి వంగి చూశాను. బటన్ ఎత్తు సరిపోక తెలుగు అక్షరాల కింద ఉండే వత్తులన్నీ తెగిపోయాయి. ఫ్లోరైడ్ ఫోరైడ్ అయింది. క్లోరైడ్ కోరైడ్ అయింది. ఆ లైబ్రరీ రాసినవాళ్లు కింద వత్తులుండే భాష ఒకటి ఉంటుందని అనుకోలేదు. రెండు రోజులు తంటాలు పడ్డాను, లొంగలేదు. పక్కన పెట్టేశాను.

మూడోదానికి వత్తులు సరిగ్గా వచ్చాయి. ముదురు నీలం రంగు, తెల్ల అక్షరాలు. అది పట్టికలను కూడా తానే గీసుకుంటుందని దాని వివరాల్లో రాసి ఉంది. మంచిదే, నాకు పని తగ్గుతుందనుకున్నాను. సాయంత్రం ఐదున్నరప్పుడు చూపించాను. ఎండాకాలం, కరెంటు అప్పటికి మూడుసార్లు పోయి వచ్చింది. డైరెక్టరు కారు తాళాలు చేత్తో పట్టుకుని నిలబడే చూశాడు. "ఇది బాగుండాది. ఇదే పెట్టెయ్" అన్నాడు.

సారు కుర్చీ జరుపుకున్నాడు. వత్తులు ఒక్కొక్కటే చూశాడు. "ఉండాయి" అన్నాడు. తర్వాత పట్టికను పైనుంచి కిందికి చూశాడు.

"ఎర్రది యాడప్పా?"

"ఇందులో అన్నీ మంచి నీళ్లే వేసినా సార్. ఒకటిన్నర దాటితే వస్తుంది."

"వస్తుందా?"

"వస్తుంది సార్. ఆ కోడు నేను ముట్టుకోలేదు."

అది అబద్ధం కాదు. ఆ కోడు నేను నిజంగానే ముట్టుకోలేదు. కానీ కొత్త లైబ్రరీ పట్టికను తానే గీసుకుంటూ నా కోడును పిలవడమే మానేసింది, అది నేను చూసుకోలేదు. ఒక గడిలో మూడు అని కొట్టి చూపించడానికి అర నిమిషం పట్టేది. ఎందుకు కొట్టలేదని ఇన్నేళ్లలో చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అలిసిపోయి ఉన్నాను. ఇంటికి పోవాలనిపించింది. అంతకంటే పెద్ద కారణం ఏదీ దొరకలేదు.

ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, "సరే" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన నడుం నొప్పి ఎక్కువై ఎనిమిది రోజులు సెలవు పెట్టాడు. పరీక్షలు చేసే టెక్నీషియన్ వేరే ఉన్నాడు కాబట్టి పని ఆగదు, కానీ రిపోర్టు మీద సంతకం సారుదే ఉండాలి. రిపోర్టులు ఆగకూడదని డైరెక్టరు అడిగితే ఖాళీ కాగితాల కట్ట మీద సంతకాలు పెట్టిచ్చి పోయాడు. శైలజ చేరి అప్పటికి రెండు నెలలే. అంకెలు కొట్టడం, పట్టికలో ఎరుపు కనపడితే కింది పెట్టెలో "తాగరాదు" అని ఎంచుకోవడం, తర్వాత ప్రింటు తీయడం ఆమె పని. ఏమీ ఎంచుకోకపోతే ఆ పెట్టెలో "తాగవచ్చు" అని ఉంటుంది. అలా పెట్టింది కూడా నేనే.

ఎనిమిది రోజులూ ఆమెకు ఎరుపు కనపడలేదు.

సారు తిరిగొచ్చిన రోజు నాకు ఫోన్ చేశాడు. "ఒకసారి రాప్పా" అన్నాడు, అంతే. గొంతులో ఏ తేడా లేదు. పోయేసరికి ఆఫీసు కాపీలు చేతిలో పట్టుకుని, ఒక్కొక్కటే కిటికీ వైపు ఎత్తి చదువుతున్నాడు. ఏడు కాగితాలు విడిగా పెట్టి ఉన్నాయి. శైలజను పిలిచి, "అమ్మా, మూడు కొట్టు" అన్నాడు. ఆమె కొట్టింది. నీలం మీద తెల్లగా మూడు వచ్చింది. పక్కనున్న మంచి అంకెల మాదిరే ఉంది.

"ఎర్రది రాలేదప్పా" అన్నాడు.

డైరెక్టరు గదిలో నలుగురం ఉన్నాం. శైలజ కూచోలేదు, తలుపు దగ్గర చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"డిగ్రీ చదివినావు గదమ్మా" అన్నాడు డైరెక్టరు. "రంగు లేకపోతే అంకె కనపడదా? మూడు పెద్దదా ఒకటిన్నర పెద్దదా నీకు తెలీదా? రేపటి నుంచి నువ్వు రావద్దు."

సారు అన్నాడు, "సంతకం నాది."

"మీరు ఇక్కడ లేరు గదా సార్."

"లేకుండా సంతకం పెట్టినా. అది ఇంగా పెద్ద తప్పు."

"అది నేను అడిగితే పెట్టినారు. ఆ విషయం వదిలెయ్యండి. చూడాల్సింది ఈయమ్మ."

అప్పుడు బండల మీద కుర్చీ గీసుకున్న చప్పుడైంది. ఆయన కుర్చీతో సహా తిరిగి నా వైపు చూశాడు. నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. లైబ్రరీలో లోపం ఉంది, దాని వివరాల్లో ఈ సంగతి సరిగ్గా రాయలేదు, పది రోజుల్లో అంటే పరీక్ష చేయడానికి టైం లేదు. ఒక్కటీ పూర్తి అబద్ధం కాదు. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, దానికి ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ని.

"తప్పు నాదే సార్" అన్నాను డైరెక్టరుతో. "ఎర్రది వస్తుందా అని సారు అడిగినాడు. చూడకుండానే వస్తుందని చెప్పినా. ఈ అమ్మాయి నేను చెప్పినట్లే చేసింది."

కుర్చీ మళ్లీ గీసుకుంది. సారు డైరెక్టరు వైపు తిరిగాడు. డైరెక్టరు కాసేపు బల్ల మీది పెన్ను తిప్పి, "సరే, ముందు వాళ్లకు ఫోన్లు చెయ్యండి. మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు. మిగతాది ఆయన తర్వాత ఎప్పుడూ చూడలేదు. శైలజ ఉద్యోగం నిలబడింది.

ఆ గంటలోనే శైలజ ఆరుగురికి ఫోన్ చేసి, ఆ నీళ్లు తాగొద్దని చెప్పింది. ఏడో ఆయన నంబరు ఇవ్వలేదు. ఫోన్లు అయ్యాక సారు లేచాడు.

"కాగితం నా సంతకంతో పోయింది. ఇంగో కాగితం తీసకొని నేనే పోవల్ల."

నా బండి మీద మూడు రోజులు తిరిగాం. కళ్యాణదుర్గం వైపు, రాయదుర్గం వైపు. ఆ మెడతో వెనక కూచున్న మనిషికి ఒక్కో గుంత ఎలా తగులుతుందో నాకు వెనక్కి తిరక్కుండానే తెలిసేది. భుజం మీద ఆయన వేళ్లు బిగుసుకునేవి. మెల్లగా పొమ్మని ఒక్కసారి కూడా అనలేదు. రోడ్డుకు రెండు వైపులా వేరుశనగ చేలు, వాన లేక జానెడు ఎత్తులోనే వాడిపోయి ఉన్నాయి.

ఒక ఊళ్లో బడికి పోయాం. రిపోర్టు చూసి హెడ్మిస్ట్రెస్ క్యాన్ల నీళ్లు మాన్పించి, బడిలోని బోరుకే కొళాయి పెట్టించిందట. మమ్మల్ని చూడగానే ఆమె మెట్లు దిగి ఎదురొచ్చింది.

"మీ ఫోన్ వచ్చేలోగా ఆరు రోజులు తాగినారు సార్ పిల్లలు."

"ఆరు దినాలకు ఏమీ కాదమ్మా" అన్నాడు సారు. "ఆరేండ్లు తాగితే అవుతాది. ఆపేసినారు గదా, చాలు."

ఆమె అక్కడే మెట్ల మీద కూచుని కొంగుతో మొహం తుడుచుకుంది. సారు ఆమె కుదుటపడేదాకా నిలబడి, కొత్త కాగితం రెండు చేతులతో ఇచ్చాడు.

ఇంకో ఊళ్లో ఒక రైతు కాగితం తీసుకోలేదు. ముప్పై ఏళ్లుంటాయి. వాకిట్లో బిందె, దాని పక్కన చిన్న పాప లోటాతో నీళ్లు ముంచుకుంటూ ఉంది. ఫోన్ వచ్చినా ఆ నీళ్లే తాగుతున్నారు.

"పోయిన వారం తాగొచ్చంటిరి. ఈ వారం తాగొద్దంటారు. వచ్చే వారం ఏమంటారు సార్?" అన్నాడు. "ఆరు బోర్లు వేసినాక పడిన నీళ్లివి. చక్కెర మాదిరి ఉండాయి. నువ్వే తాగి చూడు."

నేను అంకె గురించి చెప్పడం మొదలుపెట్టాను, కంప్యూటర్లో జరిగిన తప్పు గురించి కూడా. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. సారు నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఏమప్పా, నీ గడ్డం ఎదకు ఆనించు" అన్నాడు రైతుతో.

"ఏంది?"

"తల వంచి గడ్డం ఎదకు ఆనించప్పా. ఒకసారి."

రైతు అర్థంకాక వంచి ఆనించాడు.

"ఇప్పుడు నన్ను చూడు."

సారు తన తల వంచడానికి ప్రయత్నించాడు. గడ్డం రెండు వేళ్ల మేర దిగి ఆగిపోయింది. మెడ నరాలు పైకి తేలాయి. ఇంకా కొంచెం వంచబోయాడు, పెదాలు బిగుసుకున్నాయి. పాప లోటా పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది.

"మా ఊరి నీళ్లు గూడ చక్కెర మాదిరే ఉండె" అన్నాడు తల ఎత్తి. "మాకు ఈ కాగితం తెచ్చిచ్చినోళ్లు లేరు. అందుకని నేను తెచ్చినా."

రైతు పోయి పాప చేతిలోని లోటా తీసుకుని నీళ్లు గడప పక్కన పారబోశాడు. కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మమ్మల్ని కూచోమనలేదు. మేమూ కూచోలేదు.

కళ్యాణదుర్గం చేరాక సారు హోటల్లో టీ తాగుతూ మెడ వెనక రుద్దుకున్నాడు.

"అట్ల వంచేకి చూస్తే మూడు దినాలు నొప్పి ఉంటాదప్పా" అని, ఎడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఆ వారంలోనే నీలం చొక్కా పీకేశాను. ఎవరికీ నచ్చని మొదటి లైబ్రరీనే పెట్టాను. కింది పెట్టెలో "తాగవచ్చు" అని ముందే ఉండేదాన్ని తీసేసి, అంకెను బట్టి ప్రోగ్రామే ఆ మాట వేసేలా రాశాను. అప్పుడు కూడా, శైలజ చదివి టిక్కు పెడితేగానీ ప్రింటు రాకూడదని సారు పట్టుబట్టాడు. తానే కూచుని ఒకటి పాయింట్ నాలుగు కొట్టాడు, ఒకటి పాయింట్ ఐదు కొట్టాడు, ఒకటి పాయింట్ ఆరు కొట్టాడు. దానికి ఎర్రగా వచ్చింది. చెరిపి మళ్లీ కొట్టాడు. అలా సాయంత్రందాకా ఏవేవో అంకెలు కొడుతూనే ఉన్నాడు. బెంగుళూరు నుంచి పెద్దవాళ్లు వచ్చారు. టెంకాయ నీళ్లు తాగారు, కొత్త పరికరాల ముందు ఫొటోలు దిగారు, పోయారు. కంప్యూటర్ తెర వైపు ఒక్కరూ చూడలేదు.

ఈ రోజు మధ్యాహ్నం సారు ఇంటికి, బుక్కరాయసముద్రం పోయాను. చిన్న ఇల్లు, వాకిట్లో షామియానా. వచ్చినవాళ్లలో సగం మంది ఊళ్ల నుంచి వచ్చిన రైతులు, ఒకరికొకరు తెలియనివాళ్లు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "బండి మీద తిప్పింది నువ్వే గదా నాయనా" అంది. అవునన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వదిలింది.

అంతా అయ్యాక శైలజ, నేను రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాం.

"అన్నా, ఒకటి అడుగుతా" అంది. "ఆ పొద్దు సారు నీ తట్టు తిరక్కపోయింటే నువ్వు చెప్పిండేవాడివా?"

ఏళ్లుగా ఆమె మనసులో ఉన్న ప్రశ్న అది. పొద్దున ఫోన్లో ఆగిపోయింది కూడా ఇదేనేమో.

"లేదమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. ఆటో వచ్చింది, ఎక్కి పోయింది.

అప్పటి ఏడో ఆయన సంగతి చెప్పడం మిగిలింది. ఆ రిపోర్టు మీద పేరు, కింద కొత్తపల్లి అని మాత్రం ఉంది. ఈ జిల్లాలో కొత్తపల్లులు ఎన్నో ఉన్నాయి. బండి మీద రెండు కొత్తపల్లులకు పోయి అడిగాం, ఆ పేరుగల మనిషి అక్కడ లేడు. తర్వాత నా పనులు నన్ను చుట్టుకున్నాయి. వచ్చే వారం పోదాం సార్ అన్నాను. ఆ వారం పోలేదు, ఆ తర్వాతా పోలేదు. ఆయన మళ్లీ అడగలేదు. ఆదివారాలు ఒక్కడే బస్సెక్కి పోతున్నాడని నాకు శైలజ చెప్పింది. విని, ఈ ఆదివారం నేనూ పోవాలి అనుకున్నాను. అనుకోవడంతోనే సరిపోయింది.

ఒక సోమవారం ప్రింటరు పనిచేయడం లేదంటే ల్యాబుకు పోయాను. సారు సీసాలకు చీటీలు అంటిస్తున్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి, చెప్పులు విడిచి కూచున్నాడు.

"దొరికినాడప్పా" అన్నాడు.

"ఎవరు సార్?" అని, అడిగిన వెంటనే సిగ్గుపడ్డాను. "యాడ దొరికినాడు?"

"రాయదుర్గం అవతల. బస్సు దిగి గంట నడిచినా. ఊరి బయట ఇల్లు."

"ఆ నీళ్లే తాగుతాండారా?"

"నీళ్లు యాడుండాయి? బోరు ఎండిపోయింది. మనం రిపోర్టు ఇచ్చిన పదైదు దినాలకే ఎండిపోయిందంట."

నేను పక్కన స్టూలు మీద కూచున్నాను. ఆయన చీటీకి జిగురు రాసి సీసాకు అంటించి, బొటనవేలితో నొక్కాడు.

"అయినా కాగితం ఇచ్చినా. ఎట్లాగూ పనికిరాని నీళ్లు, పోతే పోయినాయిలే అంటాడనుకొంటి. ఆయప్ప దాన్ని చదివి ఏడ్చినాడు. ఎట్లాటివైనా ఉండింటే ఆవులకన్నా పోసుకుంటాంటి గద సార్ అన్నాడు. నాకు ఏం చెప్పల్లో తెలియలేదు."

ఇంకో సీసా తీసుకున్నాడు. దాని మీద చీటీ వంకరగా పడితే పీకి మళ్లీ అంటించాడు.

"వచ్చేటప్పుడు ఆయప్ప పెండ్లాము చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఎండలో వచ్చినావు, తాగు సామీ అనింది. ఇవి యాడివమ్మా అని అడగల్ల నేను. నోటిదాకా వచ్చింది."

"అడిగినారా సార్?"

"లేదప్పా" అన్నాడు. "తాగినా."